'జియు-జిట్సు యూనివర్సిటీ'లో అభ్యాసక్రమం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

బ్రెజిలియన్ జియు-జిట్సు అభ్యాసకులు విస్తృతంగా చదివే గ్రంథాల్లో సౌలో రిబేరో రచించిన 'జియు-జిట్సు యూనివర్సిటీ' (2008) ఒకటి. అందులోని పట్ల గురించి అభ్యాసకుల మధ్య చర్చ చాలానే సాగింది. ఆ పట్లను ఏ వరుసలో, ఎటువంటి సాధనతో వంటబట్టించుకోవాలని గ్రంథం సూచిస్తున్నదన్న ప్రశ్నకు మాత్రం తగినంత పరిశీలన దక్కలేదు. గ్రంథ నిర్మాణాన్నే ఒక వాదంగా స్వీకరించి, దాని బలాన్నీ లోపాన్నీ కదలిక అభ్యసన పరిశోధనల వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గ్రంథం నిర్దేశించిన వరుస నైతికంగా బలమైనదనీ, తర్కపరంగా అసంపూర్ణమనీ, సాధన పద్ధతి విషయంలో దాదాపు మౌనంగా ఉందనీ ఇక్కడి ప్రతిపాదన.

కీలకపదాలు: బ్రెజిలియన్ జియు-జిట్సు, సౌలో రిబేరో, అభ్యాసక్రమం, రందోరి, నిగూఢ జ్ఞానం, ప్రతిఘటన, మల్లవిద్య.

1. ఉపోద్ఘాతం

శరీరంతో చేసే విద్యను అక్షరాల్లో పెట్టిన గ్రంథాన్ని విమర్శించడం ఎలా? కావ్యవిమర్శకు అలంకారశాస్త్రం తోడుంది. వంట పుస్తకాన్నయితే వండి రుచి చూడవచ్చు. కుస్తీ పుస్తకం సంగతి వేరు. చదివినది సరిగ్గా అర్థమైందో లేదో తేల్చేది చదివినవాడు కాదు, అతణ్ణి ఓడించాలని చూస్తున్న ఎదుటి మనిషి. పాఠకుడి అవగాహనను మరొకరి శరీరం ఒప్పుకోవాలి. ఇటువంటి షరతు మీద చదవవలసిన గ్రంథాలు ఏ భాషలోనైనా తక్కువే.

గిల్బర్ట్ రైల్ 1949లో 'ది కాన్సెప్ట్ ఆఫ్ మైండ్' గ్రంథంలో ఒక విషయాన్ని తెలుసుకోవడం వేరు, ఒక పని చేయడం తెలియడం వేరు అని విడదీశారు. మైకేల్ పొలానీ 1966లో వెలువరించిన 'ది టాసిట్ డైమెన్షన్' మాటల్లోకి ఒదగని తెలివికి తాత్త్వికమైన చోటు కల్పించింది. ఈ రెండింటినీ అంగీకరిస్తే కుస్తీ పుస్తకం రాయడమే వృథా అనిపించవచ్చు. అయినా అటువంటి పుస్తకాలు వెలువడుతూనే ఉన్నాయి, అభ్యాసకులు కొని చదువుతూనే ఉన్నారు. వాటి వల్ల ఏదో ఒక ప్రయోజనం ఉండి తీరాలి. ఆ ప్రయోజనం ఏమిటో గుర్తించడమే విమర్శ చేయదగిన మొదటి పని.

అభ్యాస గ్రంథంలో రెండు రకాల ప్రతిపాదనలు ఉంటాయి. మోచెయ్యి ఎక్కడ ఉండాలి, నడుము ఎటు తిరగాలి, బరువు ఎవరి ఛాతీ మీద పడాలి అన్నవి మొదటి రకం. వీటిని చాప మీద వెంటనే పరీక్షించవచ్చు. ఏది ముందు నేర్చుకోవాలి, ఎంతకాలం, ఎవరితో, ఎంత ప్రతిఘటన మధ్య అన్నవి రెండో రకం. వీటి ఫలితం తేలడానికి ఏళ్లు పడుతుంది. అప్పటికి అభ్యాసకుడి వయసు మారుతుంది, గురువు మారవచ్చు, మోకాలూ దెబ్బతిని ఉండవచ్చు. అందుకే రెండో రకం ప్రతిపాదనలు పరీక్షకు నిలవకుండానే సంప్రదాయంగా స్థిరపడిపోతాయి. రిబేరో గ్రంథాన్ని ఈ కోణంలో చదవవలసి ఉంది.

2. పూర్వరంగం: రందోరి ఇచ్చిన వారసత్వం

బ్రెజిలియన్ జియు-జిట్సు ఎందుకు ఫలవంతమైన పోరాటవిద్య అయిందన్న ప్రశ్నకు సాధారణంగా పట్ల గొప్పతనాన్ని జవాబుగా చెబుతారు. చరిత్ర చూస్తే సాధన పద్ధతికే పెద్దపీట వేయవలసి వస్తుంది. జిగోరో కానో 1882లో కోడోకాన్‌ను స్థాపించి జూడోను రూపొందించినప్పుడు ప్రమాదకరమైన ప్రయోగాలను కతా అనే నిర్ణీత రూపాభ్యాసానికి పరిమితం చేశారు. పూర్తి బలంతో ప్రయత్నించినా ఎదుటివాడు మర్నాడు మళ్లీ సాధనకు రాగలిగే ప్రయోగాలను రందోరికి, అంటే స్వేచ్ఛాపోరుకు ఉంచారు. ఇందులో ఒక విచిత్రం ఉంది. ప్రాణాంతకమైన విద్యను నిజంగా ప్రయోగించి చూసే అవకాశం లేదు కనుక అది ఊహగానే మిగులుతుంది. ప్రమాదం తగ్గించిన విద్యను రోజుకు పదిసార్లు నిజంగా ప్రయత్నించవచ్చు కనుక అది పదునెక్కుతుంది. చేత్తో తట్టి ఓటమిని ఒప్పుకునే ట్యాప్ ఆచారమే ఈ విద్యకు అసలైన ప్రయోగశాల.

కోడోకాన్ శిష్యుడు మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరారు. ఉత్తరాన బెలేం నగరంలో ఆయన వద్ద కార్లోస్ గ్రేసీ నేర్చుకున్నారని గ్రేసీ కుటుంబ సంప్రదాయం చెబుతుంది. కార్లోస్ తమ్ముడు ఎలియో గ్రేసీ (1913-2009) బలహీనుడనీ, అన్న చెప్పే పాఠాలు పక్కన కూర్చుని చూసి తన శరీరానికి తగ్గట్టు మలచుకున్నాడనీ ప్రచారంలో ఉన్న కథనాన్ని చరిత్రకారులు కొందరు అనుమానంతో చూశారు. అది వాస్తవమా కాదా అన్న చర్చ ఒక ఎత్తు, బోధనాపద్ధతి మీద అది చూపిన ప్రభావం ఒక ఎత్తు. బలం లేనివాడు కింద పడి ఉన్నప్పుడు ఏం చేయాలన్నది ఈ విద్యకు మూలప్రశ్నగా స్థిరపడడానికి ఆ కథనమే కారణం. 1951 అక్టోబరు 23న రియో డి జెనీరోలోని మరకానాలో మసహికో కిమురా ఎలియో చేతిని మెలిపెట్టి గెలిచారు. ఓడించిన పట్టుకే ఓడినవారి సంప్రదాయం 'కిమురా' అని పేరు పెట్టుకుంది. ఓటమిని పాఠ్యాంశంగా మార్చుకునే ఈ స్వభావమే రిబేరో గ్రంథానికి పునాది.

3. గ్రంథ నిర్మాణమే వాదం

సౌలో రిబేరో రాయ్లర్ గ్రేసీ శిష్యులు, పలుమార్లు ప్రపంచ విజేత. కెవిన్ హోవెల్ సహకారంతో వెలువడిన ఈ గ్రంథాన్ని ఆయన బెల్టుల వరుసలో విభజించారు. తెల్ల బెల్టుకు ప్రాణరక్షణ, నీలం బెల్టుకు తప్పించుకోవడం, ఊదా బెల్టుకు గార్డ్, గోధుమ బెల్టుకు గార్డ్‌ను దాటడం, నల్ల బెల్టుకు సబ్మిషన్లు. మొదటి భాగంలో ఎదుటివాడు వెనుక నుంచి పట్టుకున్నప్పుడు, తాబేలులా ముడుచుకున్నప్పుడు, మౌంట్ కింద, సైడ్ కంట్రోల్ కింద, పొట్ట మీద మోకాలు ఆనించినప్పుడు శరీరాన్ని ఎలా అమర్చుకోవాలో చెబుతారు. అక్కడ దాడి లేదు, తప్పించుకోవడం కూడా లేదు. చిక్కిన చోట చావకుండా ఉండడమే పాఠం.

ఈ ఎంపిక ఎంత సాహసమైనదో పోటీ నిబంధనలతో పోల్చితే తెలుస్తుంది. అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య నియమావళిలో పడగొట్టినందుకు 2, స్వీప్‌కు 2, పొట్ట మీద మోకాలికి 2, గార్డ్‌ను దాటినందుకు 3, మౌంట్‌కు 4, వెనుక నియంత్రణకు 4 పాయింట్లు. మౌంట్ కింద అయిదు నిమిషాలు చెక్కుచెదరకుండా నిలిచినవాడికి సున్నా. మౌంట్ నుంచి తప్పించుకుని గార్డ్‌ను తిరిగి తెచ్చుకున్నా సున్నాయే. స్వీప్ కూడా గార్డ్ నుంచి మొదలైతేనే లెక్కలోకి వస్తుంది. అంటే పోటీ లెక్కల పట్టికలో గడి కూడా లేని నైపుణ్యాన్ని రిబేరో తన గ్రంథానికి మొదటి అధ్యాయం చేశారు. పోటీల్లో అన్ని రకాల విజయాలూ చూసిన వ్యక్తి ఈ పని చేయడం గమనార్హం.

దీనికి బోధనాపరమైన సమర్థన బలంగానే ఉంది. చిక్కుకుంటే ఏమవుతుందోనన్న భయం ఉన్నంతకాలం అభ్యాసకుడు ప్రయోగం చేయడు. మౌంట్ కింద ఊపిరి సలపనివాడు బలమంతా చేతుల్లోకి తెచ్చి ఎదుటివాడి ఛాతీని నెడతాడు. ఆ చాచిన చెయ్యే ఆర్మ్‌లాక్‌కు ఆహ్వానం. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, మెడను కాపాడుకుని, ఎదుటివాడి తదుపరి కదలిక కోసం నిరీక్షించగలవాడికి కింద ఉండడం విపత్తు కాదు. తెలుగులో 'పట్టువిడుపు' అన్న జంటపదం ఎప్పుడో గోదా దాటి లోకవ్యవహారంలోకి వచ్చింది. రిబేరో మొదటి భాగం ఆ జంటలోని రెండో పదానికి రాసిన భాష్యంలా ఉంటుంది. సరైన అమరికతోపాటు తప్పు అమరికను కూడా ఛాయాచిత్రంలో చూపడం ఈ భాగానికి మరో బలం. తప్పును చూపడం చాలామంది రచయితలకు ఇష్టం ఉండదు.

గార్డ్ అన్న పదం గురించి ఒక మాట. దీన్ని 'రక్షణ' అని తెనిగిస్తే అర్థం చెడుతుంది. వెల్లకిలా ఉన్నవాడు కాళ్లతో ఎదుటివాణ్ణి అడ్డుకుంటూ, పట్టుకుంటూ, తిప్పివేస్తూ, గొంతు బిగిస్తూ చేసే సమస్త వ్యాపారానికీ గార్డ్ అని పేరు. మల్లవిద్య పరిభాష ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇది తలకిందులైన స్థితి. ఇక్కడి కుస్తీలో వీపు నేలకు ఆనితే ఆట ముగిసినట్టే. ఆ ముగింపు దగ్గర మొదలయ్యే విద్య ఇది. అందుచేత పదాన్ని యథాతథంగా ఉంచుకోవడమే మేలు.

4. వరుసలోని చిక్కు

ఇంత బలమైన నిర్మాణంలోనే ఒక తార్కిక లోపం ఉంది. ప్రాణరక్షణ ఒంటరిగా సాధన చేయగలిగింది కాదు. ఒకడు చిక్కితేనే ఇంకొకడు కాపాడుకోవలసిన అవసరం ఏర్పడుతుంది. గదిలో ఉన్న తెల్ల బెల్టులందరూ ప్రాణరక్షణే నేర్చుకుంటూ ఉంటే వారి మీద దాడి చేసేదెవరు? పై బెల్టులవారు ఎప్పుడూ అందుబాటులో ఉన్న వ్యాయామశాలలో ఈ ప్రశ్న తలెత్తదు. కొత్తగా మొదలైన చోట, పదిమంది ప్రారంభకులు, ఒక శిక్షకుడు ఉన్న చోట ఇదే మొదటి ప్రశ్న. దాడి తెలియని భాగస్వామి ముందు నిలిచిన రక్షణ పరీక్షకు నిలిచినట్టు కాదు. అది అభ్యాసకుడికి ఇచ్చేది తప్పుడు ధైర్యం మాత్రమే.

ఇదే చిక్కు గార్డ్ విషయంలో మరో రూపంలో కనిపిస్తుంది. గార్డ్‌కు బలం సబ్మిషన్ భయం నుంచి వస్తుంది. కాళ్ల మధ్య ఉన్నవాడు చెయ్యి ముందుకు చాచడానికి వెనకాడేది ఆర్మ్‌లాక్ ఉంది కనుక, తల వంచడానికి వెనకాడేది గొంతు బిగింపు ఉంది కనుక. ఆ భయం లేని గార్డ్ కాళ్లతో కట్టిన దడి మాత్రమే. దాన్ని తోసుకుని పోవచ్చు. సబ్మిషన్లను అన్నిటికన్నా చివర ఉంచిన వరుసను అక్షరాలా పాటిస్తే ఊదా బెల్టువాడు కోరలు లేని గార్డ్‌ను సాధన చేయవలసి వస్తుంది. సమాఖ్య నిబంధనల ప్రకారం నీలం బెల్టులో కనీసం 2 ఏళ్లు, ఊదాలో ఏడాదిన్నర, గోధుమలో ఏడాది గడవాలి. ఆచరణలో నల్ల బెల్టు చేరడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. పదేళ్ల దాకా గొంతు బిగింపును వాయిదా వేయమని రిబేరో ఉద్దేశం కాదన్నది స్పష్టమే. ఆయన చెప్పదలచింది ఏ దశలో మనసు దేని మీద నిలవాలన్నది. కానీ గ్రంథ నిర్మాణం ఈ తేడాను పాఠకుడికి చెప్పదు. ప్రాధాన్యక్రమాన్ని కాలక్రమంగా పొరబడే అవకాశాన్ని అధ్యాయాల శీర్షికలే కల్పిస్తున్నాయి.

రెంజో గ్రేసీ, జాన్ డానహర్‌లు రాసిన 'మాస్టరింగ్ జుజిట్సు' (2003) ఈ విషయంలో ఉపయుక్తమైన పోలిక. ఆ గ్రంథం పోరును దశలుగా చూస్తుంది. ఇద్దరూ విడిగా కదలాడే దశ, ఒకరినొకరు పట్టుకున్న దశ, నేల మీది దశ. అక్కడ విభజనకు ఆధారం అభ్యాసకుడి హోదా కాదు, పోరు నిర్మాణం. కొలంబియా విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివిన డానహర్ ముద్ర ఆ వర్గీకరణలో కనిపిస్తుంది. అది ప్రశ్నను విశదం చేస్తుంది గాని, రేపు సాయంత్రం తరగతికి వెళ్లే ప్రారంభకుడికి ఎక్కడ మొదలుపెట్టాలో రిబేరో చెప్పినంత సూటిగా చెప్పదు. విశ్లేషణ పరంగా డానహర్ పక్షం మెరుగు, ఆశ్రయం ఇచ్చే విషయంలో రిబేరో పక్షం మెరుగు అనవలసి ఉంటుంది.

5. ఛాయాచిత్రానికీ ఛాయాచిత్రానికీ నడుమ

మౌంట్ నుంచి మోచేతితో తప్పించుకునే పద్ధతిని ఉదాహరణగా తీసుకోవచ్చు. కింద ఉన్నవాడు పక్కకు తిరుగుతాడు, మోచేతిని ఎదుటివాడి మోకాలి లోపలి వైపు ఆనిస్తాడు, రొయ్యలా నడుము ముడుచుకుని వెనక్కు జరుగుతాడు, ఏర్పడిన సందులో తన మోకాలిని దూరుస్తాడు. నాలుగు చిత్రాలు, నాలుగు వాక్యాలు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఇది చదివి చాప మీదికి వెళ్లినవాడు నూటికి తొంభైసార్లు విఫలమవుతాడన్నా అతిశయోక్తి కాదు. పైనున్నవాడి బరువు రెండు మోకాళ్ల మీదా సమంగా ఉన్నప్పుడు ఆ సందు ఏర్పడదు. అతను చేతితో ఏదో అందుకోబోయి బరువును ఒక వైపుకు మార్చిన అరక్షణంలోనే ఏర్పడుతుంది. ఆ అరక్షణం మొదటి చిత్రానికీ రెండో చిత్రానికీ మధ్య ఉంది. అది కంటికి కాదు, నడుముకు తెలియవలసిన సంగతి.

భారతీయ శాస్త్రవాఙ్మయానికి ఈ సమస్య కొత్తది కాదు. నాట్యశాస్త్రంలోని 108 కరణాలు స్థిరమైన భంగిమలా, కదలికలా అన్న చర్చ ఇందుకు సమీప దృష్టాంతం. చిదంబరం గోపురాల మీది శిల్పాలు ఒక్కొక్క కరణాన్ని ఒక్క క్షణంలో ఆపి చూపుతాయి. కరణం భంగిమ కాదనీ, హస్తపాదాల సంయోగంతో సాగే కదలిక అనీ పద్మా సుబ్రహ్మణ్యం వాదించి ఆచరణలో పునర్నిర్మించారు. జాయప సేనాని నృత్తరత్నావళిని, రామప్ప శిల్పాలను ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ పేరిణిని పునరుద్ధరించినప్పుడూ ఎదురైనది ఇదే ఖాళీ. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. నర్తకుడు ఆ ఖాళీని లయతో, సంప్రదాయజ్ఞానంతో పూరించగలడు. కుస్తీలో ఆ ఖాళీని పూరించేది ప్రత్యర్థి. అతను ఏం చేస్తాడన్నది గ్రంథకర్తకు ముందుగా తెలియదు. కనుక ఎన్ని చిత్రాలు పెంచినా ఖాళీ తగ్గదు. చిత్రం స్థానంలో దృశ్యచిత్రం వచ్చినా తగ్గదు, అందులో ఓడిపోతున్న భాగస్వామి ఎప్పుడూ సహకరిస్తూనే ఉంటాడు.

మరి గ్రంథం వల్ల ప్రయోజనం ఏమిటి? అది కదలికను నేర్పదు, చూపును నేర్పుతుంది. సైడ్ కంట్రోల్ కింద ఉన్నప్పుడు ఎదుటివాడి వైపు తిరగాలన్నది అనేక వ్యాయామశాలల్లో వినిపించే సూచన. రిబేరో కొన్ని సందర్భాల్లో పరుగెత్తేవాడి భంగిమలో అవతలి వైపుకు తిరిగి కాపాడుకోవడాన్ని ప్రతిపాదించారు. ఇది చదివినవాడికి ఆ పట్టు రాకపోవచ్చు, కానీ తాను ఒకే మార్గం ఉందనుకున్న చోట రెండో మార్గం ఉందని తెలుస్తుంది. ఓడిన తర్వాత తన ఓటమిని వర్ణించుకోవడానికి అతనికి మాటలు దొరుకుతాయి. మోచెయ్యి ఎప్పుడు దూరమైంది, మెడ ఎప్పుడు బయటపడింది అని అడుగగలవాడు తరువాతి పోరులో వేరే మనిషి.

6. గ్రంథం చెప్పని సాధన

ఈ గ్రంథంలో అత్యంత లోతైన మౌనం సాధన పద్ధతి గురించే. ప్రతిఘటనను ఏ మోతాదులో పెంచుకుంటూ పోవాలన్న ప్రశ్నకు గ్రంథంలో క్రమబద్ధమైన జవాబు లేదు. ఇది రిబేరో ఒక్కరి లోపం అనడం అన్యాయం. ఈ విద్యలో స్థిరపడిన తరగతి నమూనానే అలా ఉంది. శిక్షకుడు రెండు మూడు పట్లు చూపుతాడు. జంటలుగా విడిపోయి, అడ్డుచెప్పని భాగస్వామి మీద పదేసిసార్లు చేస్తారు. ఆపైన రోలింగ్, అంటే స్వేచ్ఛాపోరు. ప్రతిఘటన సున్నా నుంచి ఒక్కసారిగా నూరుకు పోతుంది. నేర్చుకున్న పట్టు ఆ అగాధంలో పడిపోతుంది. అరగంట క్రితం చక్కగా చేసిన కదలిక రోలింగ్‌లో ఎందుకు గుర్తుకు రాదన్నది ప్రతి ప్రారంభకుడి ఫిర్యాదు. అది జ్ఞాపకశక్తి లోపం కాదు. అతను అభ్యసించినది వేరే పని.

రష్యన్ శరీరధర్మ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టీన్ 1920లలో సుత్తి దెబ్బ వేసే కార్మికుల కదలికలను చిత్రీకరించి చూశారు. ఆరితేరినవారి సుత్తి కొన దాదాపు ఒకే చోటికి చేరుతుంది, కానీ భుజం, మోచెయ్యి, మణికట్టు ప్రతిసారీ కొంత వేరుగా కదులుతాయి. నైపుణ్యం అంటే ఒకే కదలికను అచ్చుగుద్దినట్టు చేయడం కాదు, ఒకే సమస్యను ప్రతిసారీ కొత్తగా పరిష్కరించడం అన్నది ఆయన ఆలోచన సారం. 1979లో షియా, మోర్గాన్‌లు చేసిన ప్రయోగంలో ఒకే చేతికదలికను వరుసగా అభ్యసించినవారు అభ్యాస సమయంలో మెరుగ్గా కనిపించారు. కదలికలను కలగాపులగంగా అభ్యసించినవారు ఆ సమయంలో తడబడ్డారు, కానీ తర్వాతి పరీక్షలో వారిదే పైచేయి. తరగతిలో నున్నగా కనిపించే సాధన మేలైన సాధన అన్న నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. 1986లో కార్ల్ న్యూవెల్ శరీరం, పరిసరం, పని అనే మూడు రకాల నియంత్రణల నుంచి కదలిక రూపుదిద్దుకుంటుందని ప్రతిపాదించారు. అమెరికాలో గ్రెగ్ సౌడర్స్ వంటి శిక్షకులు ఈ ఆలోచనను జియు-జిట్సులోకి తెచ్చి, సహకరించే భాగస్వామి మీద చేసే డ్రిల్‌ను దాదాపు పూర్తిగా వదులుకున్నారు. పట్టు చూపించడానికి బదులు చిన్న చిన్న పోరాట సమస్యలు ఇస్తారు.

ఈ వాదం ఆకర్షణీయమైనదే, అయితే అతివాదంగా మారే ప్రమాదం కూడా ఉంది. షియా, మోర్గాన్‌ల ప్రయోగంలోని పని చేతిలో బంతితో చిన్న అడ్డుపలకలను పడగొట్టడం. అక్కడి నుంచి ఎనభై కిలోల మనిషి ఛాతీ మీద కూర్చున్న పరిస్థితికి నేరుగా దూకలేం. ప్రయోగశాల దాటి ఆటల రంగంలోకి వచ్చేసరికి ఆ ప్రభావం బలహీనపడుతుందని బ్రేడీ 2004లో చేసిన మెటా విశ్లేషణ కూడా చూపింది. పైగా స్వయంగా అన్వేషించి తెలుసుకోవడానికి ఇక్కడ ఖరీదు ఎక్కువ. గొంతు బిగింపు అంటే ఏమిటో, ఎప్పుడు తట్టాలో ఎవరూ చూపకుండా కనుగొనమనడం బాధ్యత అనిపించుకోదు. ఇక డ్రిల్ పక్షం వారు ఛాంపియన్లందరూ డ్రిల్ చేసినవారే అంటారు. ఆ మాటలో నిజం ఉన్నా అది రుజువు కాదు. అదే డ్రిల్ చేసి ఆరు నెలల్లో మానేసినవారి లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

రిబేరో విషయాన్ని, న్యూవెల్ పద్ధతిని కలిపితే ఏమవుతుందో ఆలోచించడం ఈ వివాదం కంటే ఫలవంతం. గ్రంథంలోని మౌంట్ కింది ప్రాణరక్షణనే తీసుకుందాం. పైనున్నవాడికి సబ్మిషన్ పని ఇవ్వకుండా, ఎదుటివాడి మోచేతిని పక్కటెముకల నుంచి ఒక బెత్తెడు దూరం చేయడమే పని అని నిర్ణయించవచ్చు. కింద ఉన్నవాడికి దాన్ని ఒక నిమిషం ఆపడం పని. మోచెయ్యి దూరమైన మరుక్షణం ఆట ఆగి మళ్లీ మొదలవుతుంది. మరుసటి వారం పైనున్నవాడు గీ కాలర్ మాత్రమే పట్టుకోవచ్చు. ఆపై వారం కింద ఉన్నవాడు ఒక చెయ్యి అప్పటికే తప్పు చోట ఉన్న స్థితి నుంచి మొదలుపెడతాడు. ఆ తర్వాత బరువైన భాగస్వామి. ఇందులో రిబేరో బోధించిన ప్రతి అమరికా అక్కరకు వస్తుంది, కానీ దాన్ని కంఠస్థం చేయనక్కర లేదు. నాలుగో విభాగంలో లేవనెత్తిన చిక్కు కూడా ఇక్కడ సడలుతుంది. పైనున్న ప్రారంభకుడు సబ్మిషన్ తెలియకపోయినా దాడి చేయగలుగుతున్నాడు, ఆ దాడి నిజమైనది కూడా. తాలింఖానాలో వస్తాదు తన శిష్యుణ్ణి ఒక మెట్టు కింద ఉండి పెనుగులాడనిచ్చి, అందినట్టే అందకుండా చేసే పద్ధతిలో ఉన్న మోతాదు జ్ఞానం ఇటువంటిదే. అది వస్తాదు శరీరంలో ఉంటుంది. దాన్ని ఆట నియమంగా మార్చగలిగితే వస్తాదు లేని జంటకూ అందుతుంది.

7. ఆరో స్థితి

గ్రంథం వెలువడిన 2008 నాటికి కాళ్ల పట్లు ఈ విద్యలో అంచున ఉన్నాయి. గౌరవప్రదమైనవి కావన్న భావన కూడా ఉండేది. 2010 తర్వాతి దశాబ్దంలో డానహర్ శిష్యులు ఎడ్డీ కమింగ్స్, గ్యారీ టోనన్, గోర్డన్ రయాన్ మొదలైనవారు కాళ్ల చిక్కుముడులను క్రమబద్ధమైన దాడిగా మార్చారు. 2021 నుంచి సమాఖ్య కూడా గీ లేని పోటీల్లో గోధుమ, నల్ల బెల్టు వయోజనులకు హీల్ హుక్‌ను అనుమతించింది. రిబేరో తెల్ల బెల్టు భాగంలోని అయిదు స్థితుల్లో కాళ్లు చిక్కిన స్థితి లేదు. ప్రమాదాలు నడుముకు పైనే ఉన్న కాలపు పటం అది. అయిదు స్థితుల్లో శిక్షణ పొందిన అభ్యాసకుడు నేటి చాప మీద ఆరో స్థితిలో చిక్కినప్పుడు, గ్రంథం నేర్పిన స్వభావమే అతనికి ఎదురు తిరుగుతుంది.

అదెలాగంటే, మౌంట్ కింద ఓపిక పట్టి నిరీక్షించడం వివేకం. గొంతు బిగింపు క్రమంగా ముదురుతుంది, ఆర్మ్‌లాక్‌లో నొప్పి ముందుగా హెచ్చరిస్తుంది, తట్టడానికి వ్యవధి దొరుకుతుంది. హీల్ హుక్‌లో మడమను తిప్పితే ఆ మెలి మోకాలి స్నాయువుల మీద పడుతుంది. అక్కడ నొప్పి తెలిసేసరికే తరచు ఆలస్యమవుతుంది. నిరీక్షించేవాడు, పైగా ఏ వైపు తిరగాలో తెలియక బలంగా తిరిగేవాడు తన మోకాలిని తానే పాడుచేసుకుంటాడు. కాబట్టి ఈ స్థితికి రాయవలసిన ప్రాణరక్షణ అధ్యాయం మిగతా అయిదింటి నమూనాలో ఉండదు. అందులో మొదటి పాఠం అమరిక కాదు, మడమ ఎదుటివాడి మోచేతి వంపులో పడకముందే దాన్ని దాచుకోవడం. రెండోది, పడిన తర్వాత నొప్పి కోసం చూడకుండా తట్టడం. మూడోది పట్టినవాడికి చెప్పవలసినది: మడమ దొరికిన చోట ఆగి, ఎదుటివాడు తట్టడానికి రెండు క్షణాలు ఇవ్వడం. ఈ మూడో పాఠం ఓడుతున్నవాడి అధ్యాయంలో గెలుస్తున్నవాడికి రాయవలసినది. బెల్టుల వారీగా విభజించిన గ్రంథంలో దానికి ఏ అధ్యాయంలోనూ చోటు లేదు.